కింది అంతస్తు పిల్లర్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కూల్చి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ చూసేదేదో మేమే చూస్తాం. నేను పాత భవనాలు కూల్చే కాంట్రాక్టర్ని. కట్టేవాడికి దండలు, దీవెనలు. మాకు దుమ్ము, ఇరుగుపొరుగువాళ్ల తిట్లు. ఈ పని నాకు నేర్పింది మా మామ, అంటే మా ఆవిడ తండ్రి. ఆయన పెట్టిన నియమం ఒకటి మా ముఠాలో ఇప్పటికీ నడుస్తోంది. కూల్చేటప్పుడు కట్టినవాణ్ణి తిట్టకూడదు. గోడ పగలగొడితే ఎవడి బండారమైనా బయటపడుతుంది, కానీ జవాబు చెప్పుకోవడానికి వాడు అక్కడ ఉండడు. కాబట్టి నోరు మూసుకుని సుత్తి ఎత్తాలి.

నోరు మూసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. మా ఆవిడ ఆ మాట ఇంకో రకంగా చెబుతుందనుకోండి. అలాంటి నన్ను మాట్లాడించాలని ఒకావిడ పని దగ్గరికే వచ్చింది.

ఆవిడ గొంతు అప్పటికే మా ఇంట్లో తిరుగుతోంది. మా కోడలు టైల్స్ షాపులో పనిచేస్తుంది. పొద్దున్నే క్యారేజీలు సర్దుతూ ఫోనులో ఒక పాడ్‌కాస్ట్ పెడుతుంది. అందులో ఆవిడ తాపీ మేస్త్రీలతో, పెయింటర్లతో, ఇంజనీర్లతో, లిఫ్టులు బిగించేవాళ్లతో కూర్చుని వాళ్ల పని గురించి మాట్లాడుతుంది. వినేవాళ్లు ఆవిడకు కాంక్రీటక్క అని పేరు పెట్టారు. ఆ గొంతు విని నేను ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. తీరా చూస్తే నా భుజం దాకా కూడా లేదు. నలభై దాటి ఉంటాయి. జలుబుతో ముక్కు ఎర్రబడింది. భుజానికి తనకన్నా పెద్ద సంచి, అందులో పిల్లిపిల్లలా బొచ్చు తొడిగిన మైకు.

మేమప్పుడు బజారు వీధిలో ఒక మూడంతస్తుల భవనం మీద ఉన్నాం. కింద కొట్లు, పైన రెండంతస్తుల్లో ఆఫీసులు ఉండేవి. పగుళ్లు పెరిగి ఎప్పుడో ఖాళీ చేయించారు, ప్రమాదకరం అని బోర్డు కొట్టారు. రెండు పక్కలా వేరే ఇళ్లు ఆనుకుని ఉన్నాయి కాబట్టి పెద్ద మిషన్లు దించడానికి లేదు. పైనుంచి కిందికి చేత్తోనే విప్పుకుంటూ రావాలి. మొదటి నుంచి చివరిదాకా ఆ పనంతా రికార్డు చేస్తానంది ఆవిడ. కుదరదన్నాను. దుమ్మన్నాను, ప్రమాదమన్నాను, నాకు మాటలు రావన్నాను. మర్నాడు తన సొంత హెల్మెట్ పెట్టుకుని, ముందుభాగం అరిగిన సైటు బూట్లు వేసుకుని వచ్చింది. మీరేమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు బాబాయ్, మీ పని చప్పుడు చాలంది. బాబాయ్ అన్నాక ఇంకేం అంటాం? జబ్బ పట్టుకుని గెంటేయలేం కదా.

ఆవిడకో పద్ధతి ఉంది. ఏ గదిలో పని మొదలుపెట్టినా ముందు అందర్నీ కాసేపు కదలకుండా నిలబడమనేది. ఆ ఖాళీ గది చప్పుడు రికార్డు చేసుకునేది. మాటల మధ్య అతకడానికి అది కావాలట, ప్రతి గదికీ దాని చప్పుడు దానికి ఉంటుందట. మొదటిసారి మా వాళ్లు పళ్లికిలించారు. ఒకడికి తుమ్ము వచ్చింది, ఇంకొకడికి ఫోను వచ్చింది. రెండోసారి నిజంగానే నిలబడ్డారు. కిటికీలు పీకేసిన గదిలో గాలి తిరిగే చప్పుడు, ఎక్కడో పైపులో చుక్క పడే చప్పుడు నేనూ విన్నాను. ఇన్నేళ్లుగా గదుల్లోకి సుత్తితో వెళ్లడమే గానీ చెవులతో వెళ్లింది లేదు. ఆ రోజు నుంచి ఆవిడ మీద నాకు కోపం తగ్గింది.

ఆవిడ అసలు సంగతి టీ తాగుతూ చెప్పింది, మైకు కట్టేసి. ఈ భవనం కట్టింది వాళ్ల నాన్న. ఆయనకు అదే మొదటి కాంట్రాక్టు, అదే చివరిది కూడా. కట్టిన కొన్నేళ్లకే కింద పగుళ్లు వచ్చాయి. కాంట్రాక్టరు ఇనుము తిన్నాడని బజారంతా అన్నారు. నేల కుంగిందని ఆయన తరఫున ఒకరిద్దరు చెప్పినా ఎవరూ వినలేదు. మళ్లీ ఎవరూ ఆయనకు ఒక ప్రహరీ గోడ కూడా ఇవ్వలేదు. సిమెంటు కొట్లో గుమస్తాగా చేరి, ఆ కొట్లోనే ముసలివాడై పోయాడు. ఆయన ఆ మాటకు ఎప్పుడూ ఔనని గానీ కాదని గానీ అనలేదట. కూతురు మాత్రం ఇంజనీరింగ్ చదివింది, సైట్లలో పనిచేసింది, చివరికి ఈ కార్యక్రమం పెట్టింది. ఎంతోమంది మేస్త్రీలను ఎన్నో అడిగింది గానీ, తనకు కావలసిన జవాబు ఆ పిల్లర్లలోనే ఉంది.

"మా నాన్న ఇనుము తిన్నాడో లేదో నాకు తెలియాలి బాబాయ్. మా అమ్మ ఉండగానే తెలియాలి," అంది.

కాస్త ఓపిక పట్టమన్నాను. పగుళ్లొచ్చిన పిల్లర్ని, నెత్తిమీద బరువుండగా గెలకకూడదు. అందుకే కింద అంతా జాకీలు పెట్టి ఆనించి, అక్కడ ఒక్క పెచ్చు కూడా ఊడదీయకుండా పైనుంచి మొదలుపెట్టాం. కింది పిల్లర్లలో ఏముందో అన్నిటికన్నా ఆఖరున తెలుస్తుంది.

పై అంతస్తు పిల్లరు పగలగొట్టిన రోజు మా వాళ్లు కాంక్రీటు పగలగొట్టే చేతిమిషన్లు, బ్రేకర్లు, రెండు పాడుచేశారు. లోపల ఇనుము అడవిలా ఉంది. ఊచల చుట్టూ కట్టే రింగులు జానెడు ఎడంలో ఉంటే చాలు. అక్కడ చెయ్యి దూరనంత దగ్గరగా ఉన్నాయి. గ్యాస్ కట్టర్ పట్టుకున్నవాడు, ఇదేమన్నా కోటా, ఎవడు కట్టాడ్రా అని విసుక్కుని, నియమం గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఆవిడ వెళ్లి రెండు రింగుల మధ్య వేళ్లు దూర్చబోయింది. దూరలేదు. ఆ వేళ్లు అలాగే ఇనుము మీద పెట్టి, తల వంచుకుని ఏడ్చింది. జలుబు వల్లనుకున్నారు మా వాళ్లు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

మధ్య అంతస్తు కూడా అంతే. ఎలా ఉందో చెప్పమని మైకు నా ముందు పెడితే, ఇనుము నిండా ఉంది, కావలసిన దానికన్నా ఎక్కువే ఉంది అన్నాను. అది నిజం. ఆ సాయంత్రమే ఆవిడ దాన్ని అందరికీ వినిపించేస్తానంది. ఆగమన్నాను.

"మేం పైనుంచి కూలుస్తాం గానీ, కట్టేవాళ్లు కింది నుంచి కడతారమ్మా. ఆ ఒక్క అంతస్తూ కానివ్వు."

ఆవిడ ఆగలేదు. తల్లికి గుండె బాగా లేదట, రోజులు ఎలా ఉంటాయో తెలియదట. రెండంతస్తుల నిండా ఇంత ఇనుము పోసినవాడు కింద తిన్నాడంటే ఎవరు నమ్ముతారు, నేల కుంగి ఉంటుంది అంది. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. తాటిచెట్టు కింద పాలు తాగినవాడి కథే ఇది అనిపించింది. మర్నాడు పొద్దున మా కోడలు ఫోను పెడితే, అందులో నా గొంతు ఇనుము నిండా ఉంది అంటోంది. మా ఆవిడ, మీకు మాటలు కూడా వచ్చా అంది. ఆ వారమంతా కాంక్రీటక్కకు ఫోన్లే ఫోన్లు. ఒకప్పుడు ఆయన్ను తిట్టినవాళ్లు, తిట్టేవాళ్లతో కలిసి నవ్వినవాళ్లు క్షమించమని అడిగారట. ఆ మాటలన్నీ నాకు చెబుతుంటే ఆవిడకు పదేళ్ల వయసు తగ్గినట్టు కనిపించింది. మరి అమ్మగారు ఏమన్నారని అడిగాను. అంతా విని, పడుకుంటానందట.

తర్వాత కింది అంతస్తు స్లాబు దించాం. బీములు దించాం. ఇక పిల్లర్లు, ఒకటి రెండు కొట్ల గోడలు, కింది మెట్ల వరస మాత్రమే మిగిలాయి. మా వాళ్లు ఇంకా రాకముందే, పొద్దున్నే నేనొక్కణ్ణీ వెళ్లి మూల పిల్లరు మీద పెచ్చు ఊడగొట్టాను. ఆ పిల్లరుకు ఆనుకునే ఒక టైలరు కొట్టు ఉండేది, గోడ మీద కొలతల బొమ్మ ఇంకా మాసిపోలేదు. సుత్తి దెబ్బకు కాంక్రీటు బెల్లం ముక్కలా రాలింది. లోపల ఊచలు సన్నగా ఉన్నాయి. మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య మూరెడు ఖాళీ. పైన, పిల్లరు బీముకు కలిసే చోట, కాంక్రీటు ఉండాల్సిన చోట గోనెసంచి కుక్కి పైన సిమెంటు పూశారు. నేను దాన్ని పట్టుకు లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. ఇంకో పిల్లరు కొట్టాను, ఇంకొకటి కొట్టాను. అన్నీ ఒకే కోవలోవి.

నాకు కోపం వచ్చింది. నియమం తప్పకుండా ఉండటానికి పళ్లు బిగపట్టాల్సి వచ్చింది. ఆ కోపం వెనకే ఆవిడ ముఖం గుర్తొచ్చింది. ఇప్పుడేం చేయాలి? చేయడానికి పెద్ద కష్టమేమీ లేదు. బ్రేకర్లు పెడితే మధ్యాహ్నానికి పిల్లర్లు రాళ్లకుప్ప అవుతాయి, సాయంత్రానికి లారీ ఎక్కుతాయి. రాళ్లకుప్పకు రింగులు ఎంత ఎడంలో ఉండేవో ఎవరికి తెలుస్తుంది? ఆవిడకు ఫోను చేశాను. మిషను పాడైంది, రెండు రోజులు పని లేదు, రావద్దు అన్నాను. జీవితంలో ఇంత సాఫీగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

"సరే బాబాయ్, మీరు చెబితే అంతే," అంది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎదురుగా కూర్చున్నవాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అది. ఇంజనీర్లు సైతం నీళ్లు నమిలేలా అడుగుతుంది. అలాంటిది నా మాట మారు మాట్లాడకుండా నమ్మేసింది.

మా వాళ్లు వచ్చారు, బ్రేకర్లు దించారు. మొదలుపెట్టండి అనడానికి నోరు తెరిచి ఊరుకున్నాను. మామ కట్టినవాణ్ణి తిట్టొద్దన్నాడు గానీ దాచమని అనలేదు. ఆయన ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఒక్కటే, ఇది చూడాల్సినవాళ్లు చూడకముందే లారీ ఎక్కిస్తే ఇంక ఎప్పటికీ ఎవరూ చూడలేరు. మింగలేక, కక్కలేక టీ కొట్టు దాకా వెళ్లి టీ తాగకుండానే తిరిగొచ్చి, మళ్లీ ఫోను చేశాను.

"మిషను బాగానే ఉందమ్మా. నువ్వు రా," అన్నాను.

వచ్చింది. నా ముఖం చూడగానే అర్థమైనట్టుంది, నన్నేమీ అడగకుండా నేరుగా మూల పిల్లరు దగ్గరికి వెళ్లింది. పై అంతస్తులో వేళ్లు దూరని మనిషికి ఇక్కడ మోచెయ్యి దాకా దూరింది. కింద పడి ఉన్న గోనెగుడ్డ తీసి దులిపి, మడతపెట్టి, ఏం చేయాలో తెలియక మళ్లీ అక్కడే పెట్టింది. తర్వాత మైకు తీసి తనకూ నాకూ మధ్య పట్టుకుంది.

"మా నాన్న ఇనుము తిన్నాడా బాబాయ్?"

"తిన్నాడమ్మా. కింద తిన్నాడు. పైన కక్కాడు."

"కక్కితే సరిపోతుందా?"

సరిపోదని చెప్పాను. పైన ఎంత ఇనుము పోస్తే అంత బరువు. ఎంత మందంగా కాంక్రీటు వేస్తే అంత బరువు. ఆ బరువంతా ఈ బక్క పిల్లర్ల మీదే పడింది. పైన కూడా ఇలాగే కట్టి ఉంటే వీటికి ఇన్ని పగుళ్లు వచ్చేవి కావేమో. ఆయన చేసిన మంచి కూడా ఆయన చేసిన చెడు నెత్తినే కూర్చుంది. మరి బాగుచేసే దారి లేదా అని అడిగింది. ఉంది. అప్పట్లోనే పిల్లర్ల చుట్టూ కొత్త ఇనుము కట్టి, కొత్త కాంక్రీటు తొడిగి ఉండొచ్చు.

"మరి ఎందుకు తొడగలేదు?"

"తొడగాలంటే తప్పు జరిగిందని ముందు నలుగురికీ చెప్పాలి కదమ్మా."

ఆవిడ కొలతల బొమ్మ ఉన్న గోడ వైపు చూసింది. ఆ టైలరు తనకు స్కూలు బట్టలు కుట్టేవాడట. పొద్దుటి నుంచి చీకటిపడేదాకా ఈ పిల్లరుకే వీపు ఆనించి కూర్చునేవాడట. ఆ మాట మైకులో కాదు, నాతో చెప్పింది. చెప్పి, వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఆ మెట్లు ఎక్కడికీ వెళ్లవు, పైన ఆకాశమే ఉంది. మా వాళ్లు ఎవరూ చెప్పకుండానే కదలకుండా నిలబడ్డారు.

పిల్లర్లన్నీ పడ్డాక ఆవిడ మళ్లీ ఫోను చేసింది. తల్లికి ఇది చెప్పాలి, ఒక్కదాన్నే చెప్పలేను, మీరు పక్కన ఉంటారా అంది. కూల్చే పనుల్లో ఇది నాకు కొత్త రకం. వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన నడవడానికి పట్టుకునే నాలుగు కాళ్ల స్టాండు, స్టూలు మీద మాత్రల డబ్బా. తల్లి దిండుకు ఆనుకుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. చిన్న మనిషి, ఆ గొంతు మాత్రం కూతురిదే. నన్ను తమ్ముడూ అని పిలిచి కుర్చీ చూపించింది. కూతురు ఏవేవో మాటలు మొదలుపెట్టి, ఏదీ పూర్తిచేయలేక, చివరికి రికార్డు చేసింది పెట్టింది. నా గొంతు ఆ గదిలో తిన్నాడమ్మా అంటుంటే కుర్చీలోంచి లేచి బయటికి పోవాలనిపించింది. తల్లి చేతిలో బట్ట మడత ఆగిపోయింది. అంతా విన్నాక ఆవిడ కూతురి వైపు కాకుండా నా వైపు తిరిగింది.

"కింది అంతస్తు కూడా దించేశారా తమ్ముడూ?"

"దించేశాం అక్కయ్యగారూ."

"ఎవరి మీదా పడలేదు కదా?"

"లేదండీ. ఎవరికీ గోరంత గాయం కూడా కాలేదు."

ఆవిడ కళ్లు మూసుకుంది. చేతిలో బట్ట ఒళ్లోకి జారింది. నేను భయపడి లేవబోయాను. ఆవిడ కూర్చోమని చెయ్యి ఊపింది. అప్పుడు కూతురికి తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది.

"నీకు తెలుసా అమ్మా?"

తెలుసని తల ఊపింది. మొదటి కాంట్రాక్టు, పక్కవాళ్లంతా అందరూ చేసేదే అన్నారట, ఆయన విన్నాడట. కింది అంతస్తు సెంట్రింగు విప్పాక, ఆ స్లాబు మీద నిలబడలేక వెంటనే దిగి వచ్చేశాడట. ఆ రోజు ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆ తర్వాత పై అంతస్తులకు ఇనుము పోస్తూనే ఉన్నాడు. ఆవిడ నగలు కూడా అందులోకే వెళ్లాయి.

"ఎంత పెట్టినా కిందికి దిగదే, కిందికి దిగదే అని చంటిపిల్లాడిలా ఏడ్చేవాడు. కట్టించినవాళ్లకు చెప్పమన్నాను. చెబుతానన్నాడు. రేపన్నాడు. ఆ రేపు రాలేదు. ఆయన పోయాక నేనైనా చెప్పొచ్చు. నేనూ రేపనే అన్నాను."

"మొన్న నేను అంత సంతోషంగా వినిపిస్తే కూడా చెప్పలేదు."

"నీ ముఖం చూశాక నోరు రాలేదే."

కూతురు తలుపుకు ఆనుకుని నిలబడింది. కోపమో ఏడుపో ఆ ముఖంలో నేను తేల్చుకోలేకపోయాను. ఇన్నేళ్లూ ఎలా నిద్రపోయావమ్మా అని అడిగింది. తల్లి గోడ బీరువాలో కింది అర తెరవమంది. తెరిచింది. అర నిండా దారపు రీళ్లు. ఎరుపు, నలుపు, తెలుపు, అన్ని రంగులూ. ఒక్కదానికీ మీద కాగితం కూడా విప్పలేదు.

"గాలివాన వెలిసిన ప్రతిసారీ నిన్ను దారం తెమ్మని ఆ టైలరు కొట్టుకి పంపేదాన్ని, గుర్తుందా? ఈ ఇంట్లో కుట్టేవాళ్లు ఎవరే? నువ్వు దారం తెచ్చావంటే అది నిలబడి ఉన్నట్టు. నేను వెళ్లి చూడలేకపోయేదాన్ని. నిన్ను పంపేదాన్ని."

కూతురు ఆ అర ముందు నేల మీద కూలబడింది. ఒక రీలు తీసి చేతిలో పట్టుకుంది, ఇంకోటి తీసింది. నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. వీధిలో ఎవరో ఇనుప సామాను దించుతున్నారు.

చాలాసేపటికి కూతురు లేచి ముఖం కడుక్కుని వచ్చింది. ఇది కూడా అందరికీ వినిపించాలమ్మా, నేను చెప్పిన మొదటి మాట తప్పని చెప్పాలి అంది. నీ ఇష్టం అంటుందనుకున్నాను తల్లి. ఆవిడ మాత్రం, నువ్వు చెప్పడమెందుకు, నేనే చెబుతానంది. కూతురు సంచిలోంచి మైకు తీసి తల్లి ముందు పెట్టింది. ముగ్గురం కాసేపు కదలకుండా ఆ గది చప్పుడు విన్నాం. తర్వాత తల్లి మైకును దగ్గరికి జరుపుకుని, గొంతు సవరించుకుని, ముందుగా తన భర్త పేరు చెప్పింది.